పటమటలో పొద్దున్నే టక్ టక్ టక్.. నాన్నగారి కారు కథ

నమస్తే అండీ. మిన్నియాపొలిస్ నుంచి విజయవాడ వచ్చి ఇవాళ్టికి ఆరో రోజు. జెట్‌లాగ్ ఇంకా వదల్లేదు, నాలుగింటికే మెలకువ వచ్చేస్తోంది. ఇవాళ గుంటూరులో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్దామనుకున్నాం. అమ్మ ఆవకాయ జాడీ కూడా వెనక సీట్లో పెట్టేసింది. నాన్నగారు తాళం తిప్పారు. వినండి... టక్ టక్ టక్ టక్. అంతే.

"బ్యాటరీ కొత్తదేరా, వేయించి నాలుగు నెలలే," అన్నారు నాన్నగారు, తప్పంతా తనదే అన్నట్టు.

ఆ చప్పుడే సగం సంగతి చెబుతుంది. ఇలా వరసగా టక్ టక్ మంటే, ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్‌కి చాలినంత కరెంటు అందడం లేదని అర్థం: బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా బ్యాటరీకి వైర్లు తగిలించే టెర్మినళ్ళు వదులై ఉండాలి. లైట్లు బాగా వెలుగుతూ ఒకే ఒక్కసారి టక్ మంటే మాత్రం సెల్ఫ్ మోటార్ మీద అనుమానపడాలి. మా కారుకి తాళం తిప్పగానే లోపలి లైటు దీపం కొండెక్కినట్టు అయిపోయింది. టెర్మినళ్ళు చూస్తే శుభ్రంగా, బిగుతుగానే ఉన్నాయి.

నా బ్యాగులో వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఎప్పుడూ ఉంటుంది (మా ఆవిడ దీని మీద వేసే జోకులు ఇంకో వీడియోలో). రాత్రంతా ఆగి ఉన్న కారు. ఫుల్ ఛార్జింగ్ ఉంటే 12.6 వోల్టులు చూపించాలి. 11.8 చూపించింది. మిన్నియాపొలిస్‌లో అయితే చలిని తిట్టుకునేవాణ్ణి. ఇక్కడ బ్యాటరీ ఆయుష్షు తినేది ఎండ. కానీ నాలుగు నెలల్లో ఏ ఎండా ఇంత పని చేయదు.

పక్కింటి బాబాయ్ గారు తన కారు తెచ్చి ఆనించారు. వాళ్ళ బ్యాటరీ కరెంటుతో మన కారు స్టార్ట్ చేయడానికి జంపర్ కేబుల్ వేయడంలో వరస ముఖ్యం: ఎర్ర వైరు ముందు మన ప్లస్‌కి, తర్వాత వాళ్ళ ప్లస్‌కి. నల్ల వైరు వాళ్ళ మైనస్‌కి, చివరి కొస మాత్రం మన బ్యాటరీకి కాకుండా, ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకి. బ్యాటరీ నుంచి గ్యాస్ వస్తుంది, దాని పక్కనే నిప్పురవ్వ లేవకూడదు. స్టార్టయింది. కేబుళ్ళు తీశాక మీటర్ పెట్టాను. ఇంజిన్ తిరుగుతుంటే 14 దగ్గర ఉండాల్సింది 12 కూడా లేదు, ఇంకా దిగుతోంది. అంటే ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని నింపాల్సిన డైనమో (ఆల్టర్నేటర్) ఛార్జ్ చేయడం లేదు. బ్యాటరీ అమ్మిన షాపువాడు ఆ రోజు ఈ ఒక్క రీడింగ్ చూసి ఉంటే నాన్నగారికి నాలుగు వేల చిల్లర మిగిలేవి. నాకు నిజంగా ఒళ్ళు మండింది.

"ఇంజిన్ ఆన్‌లో ఉండగానే టెర్మినల్ పీకి చూడు, ఆగిపోతే డైనమో పోయినట్టే," అన్నారు బాబాయ్ గారు. అది పాతకాలపు పరీక్ష, ఇప్పటి కార్లలో కంప్యూటర్ కాలిపోవచ్చు. మర్యాదగా వద్దన్నాను.

ఇంజిన్ ఆపకుండా, ఏసీ వేయకుండా ఆటోనగర్ వెళ్ళాం. అక్కడి ఎలక్ట్రీషియన్ కుర్రాడు మొత్తం విని ఒకే ప్రశ్న అడిగాడు: "సార్, తాళం ఆన్ చేస్తే ఎర్ర బ్యాటరీ లైటు వెలుగుతోందా?"

నాన్నగారు గర్వంగా, "మన కారుకి ఆ లైటే రాదయ్యా" అన్నారు.

కుర్రాడు నవ్వాడు. నాకూ అప్పుడే వెలిగింది. ఆ లైటు తాళం ఆన్ చేయగానే వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. ఇలాంటి పాత మోడళ్ళలో ఆ బల్బు గుండా వచ్చే కాస్త కరెంటుతోనే డైనమో నిద్రలేస్తుంది. అది అందకపోయినా, ఇంజిన్ బాగా రేస్ అయితే ఒక్కోసారి తనంతట తనే లేస్తుంది. అందుకే హైవే ఎక్కిన రోజు కారు బాగుండేది, బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళొచ్చిన రోజు మర్నాడు మొరాయించేది. ఊళ్ళో తిప్పితేనే పాడవుతోందని నాన్నగారు చెబితే నేనే నమ్మలేదు, ఫోన్‌లో.

కుర్రాడు ఇంజిన్ ఆపి, డైనమో ప్లగ్ పీకి, తాళం ఆన్ చేయించి, బల్బు నుంచి వచ్చే సన్న వైరు కొసని ఇంజిన్ ఇనుముకి, అంటే ఎర్త్‌కి తాకించాడు. వైరు, బల్బు బాగుంటే లైటు వెలగాలి. వెలగలేదు. వైరు పట్టుకుని వెనక్కి వెళ్తే, బ్యాటరీ ట్రే కింద రెండు ముక్కలు. ఇదిగో క్లోజప్: పంటి గాట్లు చూశారా? ఎలుక! అక్కడే సగం కొరికిన కొబ్బరి ముక్క కూడా ఉంది.

అతుకు వేసి టేపు చుట్టడానికి పది నిమిషాలు, 300 రూపాయలు. బ్యాటరీని రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టమన్నాడు, ఇంత దిగిపోయిన దాన్ని నింపే పని డైనమో మీద పెట్టకూడదట. ఎలుకలు రాకుండా ఇంజిన్ దగ్గర పొగాకు కాడలు కట్టమని కూడా చెప్పాడు. గుంటూరు ప్రయాణం రేపటికి పడింది.

నాన్నగారు సీట్లో కూర్చుని తాళం తిప్పారు. ఎర్ర లైటు వెలిగింది. కుర్రాడు షాపు బ్యాటరీతో కేబుళ్ళు వేస్తే స్టార్టయింది, లైటు ఆరింది. కేబుళ్ళు తీశాక మీటర్‌లో 14.2. ఆయన ఇంజిన్ ఆపి, లైటు చూడ్డానికి మళ్ళీ తాళం తిప్పబోతుంటే కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు: "సార్, సార్, బ్యాటరీలో ఏమీ లేదు!"