గుర్తుతెలియని మృతదేహం: ఆ నాలుగు లైన్లలో ఏది నమ్మాలి?

"గుర్తుతెలియని పురుషుడి మృతదేహం లభ్యం. వయసు సుమారు 45. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. నీలం గళ్ళ లుంగీ, తెల్ల చొక్కా. కుడి మోచేతి కింద పచ్చబొట్టు."

ఇది మచ్చుకి రాసింది. జిల్లా పేజీలో ఇలాంటివి మీరు చూసే ఉంటారు. ఇంకోపక్క బొబ్బిలిలోనో టెక్కలిలోనో ఒకింట్లో తండ్రి కనబడక ఏడాదైంది, స్టేషన్లో అదృశ్యం కేసు ఉంది. ఈ రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూడటమే, తప్పిపోయినవాళ్ళని వెతకడంలో సాయపడే వాలంటీరు పని. హంతకుణ్ణి పట్టేద్దామన్న సరదాతో వచ్చేవాళ్ళు దయచేసి రాకండి.

ముందు వయసు. అది కంటి అంచనా. ఎండలో కూలికెళ్ళిన మనిషి ముఖం ముదురుగా కనిపిస్తుంది, అందుకే అటు పదేళ్ళు ఇటు పదేళ్ళు వదిలి వెతకాలి. ఎత్తూ అంతే. చనిపోయాక కండరాలు, కీళ్ళు వదులై శరీరం పొడవు రెండు సెంటీమీటర్ల దాకా పెరగొచ్చు. ఇంట్లోవాళ్ళు చెప్పే ఎత్తు ఎవరూ కొలిచింది కాదు. రెండంగుళాల తేడాకే పేరు కొట్టేయకండి. బట్టలు మనిషి తప్పిపోయిన మొదటి వారం పదిరోజులకే పనికొస్తాయి. అయినా చొక్కా కాలర్ లోపల టైలర్ లేబుల్ ఉందేమో అడగండి, అందులో ఊరి పేరు దొరకొచ్చు.

అసలు పట్టుకోవాల్సింది ఒంటిమీద మారనివి. నీళ్ళలో నానిన శవం ముఖం ఉబ్బిపోతే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు, పై చర్మం ఊడొస్తుంది. పచ్చబొట్టు సిరా మాత్రం కింది పొరలో ఉంటుంది. పై పొర పోయాక ఒక్కోసారి ఇంకా స్పష్టంగా తేలుతుంది. అందుకే ఇంట్లోవాళ్ళని "పచ్చబొట్టు ఉందా?" అని అడిగి ఊరుకోకండి. ఏ చెయ్యి, ఏ బొమ్మ, ఎవరి పేరు, తెలుగు అక్షరాలా ఒడియా అక్షరాలా? తర్వాత పాత ఆపరేషన్ మచ్చ, కట్టుడు పళ్ళు, ఎముకలో వేసిన ప్లేటు. చాలా ప్లేట్ల మీద కంపెనీ గుర్తు, బ్యాచ్ నంబరు ఉంటాయి. పళ్ళు కనబడేలా నవ్విన ఫోటో, పాస్‌పోర్టు ఫోటో కంటే విలువైనది.

మన దగ్గర ఎక్కువగా బోల్తా పడేది మ్యాపు దగ్గర. శవం దొరికిన మండలంలోనే వెతుకుతారు. నాగావళి, వంశధార రెండూ ఒడిశాలో పుట్టినవే. పైనుంచి కొట్టుకొచ్చింది తోటపల్లి బ్యారేజీ దగ్గరో, నారాయణపురం ఆనకట్ట దగ్గరో, హిరమండలం గొట్టా బ్యారేజీ దగ్గరో ఆగుతుంది. అప్పుడు రాయగడ, గుణుపురం, కాశీనగర్ వైపు అదృశ్యం కేసులు కూడా చూడాలి. సముద్రంలో అయితే నెల చూసుకోండి. నైరుతి కాలంలో తీరం వెంట లాగుడు సాధారణంగా ఉత్తరానికి, అక్టోబరు దాటాక దక్షిణానికి. జులైలో కళింగపట్నంలో మునిగిన మనిషి కోసం బారువ, గోపాలపూర్ వైపు అడగాలి. నవంబరులో అయితే భీమిలి వైపు.

పట్టాల మీద దొరికితే కేసు రైల్వే పోలీసులది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా రైల్వే పోలీసులది. ఇంటివాళ్ళేమో ఊరి పోలీసు స్టేషన్ చుట్టూ తిరుగుతుంటారు. రికార్డు అడిగేటప్పుడు ఇంకోటి గుర్తుపెట్టుకోండి: అసహజ మరణాల కేసులు 2024 జులై 1 నుంచి కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద, అంతకుముందువి పాత చట్టం సీఆర్‌పీసీ 174 కింద ఉంటాయి. పేరు మీద ఆధారపడొద్దు. అప్పలనాయుడు అన్న పేరు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా ఎక్కుతుంది.

బతికున్నవాళ్ళ సంగతి వేరు. మతిస్థిమితం లేక ఎక్కడో ఆశ్రమంలో ఉన్న మనిషిని "మీ ఊరేది?" అంటే "కొత్తవలస" అంటాడు. ఆ పేరుతో ఒక్క ఊరా? సంత ఏ వారం, గ్రామదేవత ఎవరు, బస్సు ఎక్కేదెక్కడ, పక్కన గెడ్డా చెరువా అని అడగండి. మూడు జవాబులొస్తే మండలం తేలిపోతుంది. కొత్తగా ఆధార్ తీయించబోతే, పాతది ఉన్నవాళ్ళకి డూప్లికేట్ అని తిరగ్గొడుతుంది. ఆ పాత నమోదులో ఊరు ఉంటుంది కాబట్టి ఇల్లు దొరకడానికి ఆశ్రమాలకి అదో దారి. పశ్చిమ బెంగాల్ రేడియో క్లబ్ హామ్ రేడియోవాళ్ళు (సొంత వైర్‌లెస్ సెట్లతో మాట్లాడుకునే ఔత్సాహికులు) చాలామందిని ఇళ్ళకి చేర్చారు.

పోస్టరు మీద ఇంటివాళ్ళ ఫోన్ నంబరు వేయకండి. "మీవాడు మా దగ్గరున్నాడు, ముందు డబ్బు పంపండి" అనే ఫోన్లు వస్తాయి. స్టేషన్ నంబరు, క్రైమ్ నంబరు, తప్పిపోయిన తేదీ వేస్తే చాలు. మనిషి దొరికాక ఆ పోస్టరు తీసేయాలి. ఈ పని దాదాపు ఎవరూ చేయరు.

పోలిక కుదిరిందనిపిస్తే ఇంటికి ఫోన్ చేయొద్దు. రెండు కేసుల నంబర్లు, కలిసిన గుర్తులు, కలవని గుర్తులు ఒక్క కాగితం మీద రాసి స్టేషన్ ఎస్ఐకి ఇవ్వండి. కలవనివి దాచకండి. కంటితో పోల్చుకోవడం ఎంత దగా చేస్తుందో 2023 జూన్ 2 బాలాసోర్ రైలు ప్రమాదంలో చూశాం. ఒకే శవం మాదంటే మాదని వేర్వేరు కుటుంబాలు వచ్చాయి, డీఎన్ఏ పరీక్షలదాకా వెళ్ళాల్సివచ్చింది.

మార్చురీలో శవాన్ని సాధారణంగా మూడు రోజులుంచి ఖననం చేస్తారు. తర్వాత మిగిలేవి ఫోటోలు, బట్టలు, తీసిపెట్టిన పన్నో ఎముకో. వాటితో పోల్చడానికి తల్లిదండ్రుల రక్తం, లేదా కన్నబిడ్డలది కావాలి. అన్నదమ్ములదైతే ఫలితం అంత గట్టిగా రాదు. నమూనా దర్యాప్తు అధికారి ద్వారానే వెళ్ళాలి, ప్రైవేటు ల్యాబుల్లో డబ్బు తగలేయకండి. ఇంట్లో ముసలి తల్లి ఉంటే ఆమె నమూనా తీసుకోమని అర్జీ ఈ వారమే పెట్టించండి.