రామప్ప ప్రశ్న దగ్గర ఆట ఆపడం తప్పా? హనుమకొండ స్టూడియోలో చర్చ

(పాల్గొన్నవారు: రిటైర్డ్ బ్యాంకు మేనేజర్, గణితం లెక్చరర్, పొదుపు సంఘం అధ్యక్షురాలు, గ్రూప్స్‌కు చదువుతున్న విద్యార్థి)

వ్యాఖ్యాత: నమస్కారం. గత వారం టీవీ గేమ్ షోలో హాట్ సీటు ఎక్కినవాళ్లంతా గృహిణులే. చాలామంది మధ్యలోనే ఆట ఆపి, వచ్చిన డబ్బు తీసుకుని వెళ్లారు. మన హనుమకొండ ఆడపడుచు కూడా 12,50,000 దగ్గర ఆగిపోయారు. ఆమె వదిలేసిన ప్రశ్న ఏంటి? రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది ఏ ఏడాది? రెండు తప్పు జవాబులు తీసేసే ఫిఫ్టీ ఫిఫ్టీ తర్వాత 2019, 2021 మిగిలాయి. 2021 అనుకుంటున్నా అని చెప్పి మరీ ఆపేశారు! రామప్ప మీద ప్రశ్నకు ఓరుగల్లు మనిషి వెనక్కి తగ్గడమా? మేనేజర్ సార్?

మేనేజర్: ఆమె నూటికి నూరు పాళ్లు సరైన పని చేసింది. పిరికిది అంటున్నవాళ్లు ముందు ఆ బహుమతి డబ్బు మెట్లు చూడాలి. చేతిలో పన్నెండున్నర లక్షలున్నాయి. తప్పు చెబితే 3,20,000కి పడిపోతుంది. అంటే ఒక్క మాటకు 9,30,000 పోతాయి. ఆ డబ్బు ఈ షో చూసేవాళ్లు ఇస్తారా?

లెక్చరర్: సార్, అదే లెక్క పూర్తిగా చూద్దాం. సరైన జవాబు చెబితే 25 లక్షలు. సగం సగం అవకాశం అనుకున్నా సగటున 14,10,000 వస్తుంది. చేతిలో ఉన్నదానికంటే అది ఎక్కువే. 43 శాతం నమ్మకం ఉంటే చాలు, ఆడడమే లాభం. ఆమెకు 2021 వైపు మొగ్గు కూడా...

మేనేజర్: సగటు ఎవరికి వస్తుంది మేడమ్? వందసార్లు ఆడితే వస్తుంది. ఆమెకు ఉన్నది ఒక్క ఆట! ఇంటికి 14,10,000 రాదు. వస్తే 25 లక్షలు, లేకపోతే 3,20,000.

లెక్చరర్: ఒక్కసారి ఆడినా నిర్ణయానికి ఒక ఆధారం కావాలి కదా సార్. నేను అంటున్నది...

వ్యాఖ్యాత: మేడమ్, ఒక్క నిమిషం. గుడి ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. హనుమకొండ నుంచి బస్సెక్కితే వెళ్లి రావచ్చు. 2021 జూలైలో గుర్తింపు వచ్చినప్పుడు ఊరంతా పండగ చేసుకున్నాం. అది గుర్తుండదా?

అధ్యక్షురాలు: గుర్తుండడం వేరు, కెమెరాల ముందు లాక్ చేయడం వేరు. మా సంఘంలో లోను సంతకం పెట్టేటప్పుడే ఆడవాళ్ల చేతులు వణుకుతాయి. ఆమె భర్త గ్యాలరీలో కూర్చుని వద్దు వద్దు అని తల ఊపుతున్నాడు. కెమెరా పదేపదే ఆయన్నే చూపించింది. ఆ నిర్ణయం ఆమెదా, ఆయనదా? అది అడగండి.

మేనేజర్: ఎవరిదైనా మంచి నిర్ణయమే!

అధ్యక్షురాలు: ఎవరిదైనా అంటే ఎట్లా సార్? వారమంతా ఆడవాళ్లకు అవకాశం ఇస్తున్నాం అని చెప్పుకుని, చివరికి మొగుడి ముఖం చూపించడం...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

వ్యాఖ్యాత: ఒక్కొక్కరు, ఒక్కొక్కరు. తమ్ముడూ, నువ్వు గ్రూప్స్‌కు చదువుతున్నావు. రామప్ప మీద నీకు ప్రశ్న వస్తే?

విద్యార్థి: కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది సార్. పునాదిలో ఇసుక, శిఖరానికి నీళ్లలో తేలే ఇటుకలు. కానీ నా సందేహం వేరే. ఫిఫ్టీ ఫిఫ్టీకి ముందే 2021 అనుకుని, అది మిగిలితే అవకాశం పెరుగుతుందా? మూడు తలుపుల్లో ఒకదాని వెనక బహుమతి ఉండి, మనం ఒకటి ఎంచుకున్నాక వ్యాఖ్యాత ఖాళీ తలుపు ఒకటి తెరిచే లెక్కలో, మిగిలినదానికి మార్చుకుంటే గెలిచే అవకాశం మూడింట రెండు వంతులు అంటారు కదా...

లెక్చరర్: మంచి ప్రశ్న. అది మాంటీ హాల్ అనే అమెరికా వ్యాఖ్యాత షో మీద వచ్చిన లెక్క. 1990లో ఒక పత్రికలో మార్చుకోవడమే మేలు అని రాస్తే వేల ఉత్తరాలు వచ్చాయి, లెక్కల ప్రొఫెసర్లు కూడా తప్పు అని రాశారు. అక్కడ వ్యాఖ్యాతకు బహుమతి ఎక్కడుందో తెలుసు, మీరు ఎంచుకున్న తలుపు ఆయన తెరవడు. ఇక్కడ కంప్యూటర్‌కు మీ మనసులో ఏముందో తెలియదు. కాబట్టి ఆ లెక్క ఇక్కడ...

మేనేజర్: తలుపులు, అమెరికా మనకెందుకమ్మా! పన్ను సంగతి ఎవరూ మాట్లాడరేం? గెలిచిన డబ్బు మీద 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్సు. వేరే ఆదాయం లేని గృహిణికైనా మినహాయింపు లేదు. పన్నెండున్నర లక్షల్లో 3,90,000 కోత పడి 8,60,000 చేతికొస్తుంది. 3,20,000 అయితే మిగిలేది రెండు లక్షల ఇరవై వేలు. రెండు లక్షలతో ఏం చేస్తారు? ఎనిమిదిన్నర లక్షలైతే పరకాల వైపు ఒక ప్లాటు కొనొచ్చు, పిల్ల ఇంజనీరింగ్ ఫీజు కట్టొచ్చు.

లెక్చరర్: పన్ను అన్నిటికీ ఒకే శాతం సార్. 25 లక్షల్లోనూ 17,20,000 మిగులుతుంది. పోలిక మారదు.

మేనేజర్: మారుతుంది! బతుకులో మారుతుంది! ముప్పై ఏళ్లు కౌంటర్ వెనక కూర్చున్నాను. ఇంకాస్త వస్తుందని ఆగి ఉన్నది పోగొట్టుకున్న ఇళ్లను చూశాను. ఎనుమాముల మార్కెట్లో రేటు పెరుగుతుందని పత్తి బస్తాలు వెనక్కి తీసుకుపోయిన రైతు, మరుసటి వారం తక్కువకు అమ్ముకుని నా దగ్గరికొచ్చి వాయిదా కట్టలేనన్నాడు.

అధ్యక్షురాలు: రైతు సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆట ఆపడం ఆమె హక్కు అనండి, మంచిదో చెడ్డదో అనకండి. మీరందరూ ఆమె తరఫున మాట్లాడుతున్నారు, ఆమె ఏమనుకుందో ఎవరూ...

మేనేజర్: ఆమె తరఫునే మాట్లాడుతున్నా!

వ్యాఖ్యాత: నా ప్రశ్న మళ్లీ అక్కడికే వస్తుంది. నాగార్జున, చిరంజీవి, జూనియర్ ఎన్టీఆర్ నడిపినప్పటి నుంచీ ఈ షోలు చూస్తున్నాం. వేయి స్తంభాల గుడి, కోట, రామప్ప ఉన్న ప్రాంతం మనది. మన గుడి గురించి మనమే ధైర్యంగా చెప్పకపోతే బయటివాళ్లు ఏమనుకుంటారు?

విద్యార్థి: సార్, ఊరి పరువు మొత్తం ఒకామె మీద పెట్టడం సరికాదు. మా స్కూల్లో రామప్పకు ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు. ముందు...

మేనేజర్: తమ్ముడు సరిగ్గా నా మాటే చెప్పాడు!

విద్యార్థి: నేను అది కాదు సార్, నేనన్నది...

లెక్చరర్: వారమంతా అందరూ ఎందుకు తొందరగా ఆపారు అన్నది మనం ముట్టుకోనే లేదు. ప్రశ్నలు కఠినమా, భయమా, ఇంట్లో ఒత్తిడా? దాని గురించి ఒక్క మాట...

వ్యాఖ్యాత: మేడమ్, ఒక నిమిషమే ఉంది. మేనేజర్ సార్, ముగింపుగా?

మేనేజర్: ఒకే మాట. చేతిలో ఉన్న డబ్బును గౌరవించిన మనిషిని పిరికిది అనకండి. అందరూ ఒప్పుకున్నట్టే కదా?

అధ్యక్షురాలు: ఎవరూ ఒప్పుకోలేదు సార్! భర్త సంగతి...

వ్యాఖ్యాత: మొత్తానికి ఆమె నిర్ణయం వైపే ఎక్కువ మొగ్గు కనిపించింది. అయినా రామప్ప మీద మాత్రం...

లెక్చరర్: మొగ్గు కాదండీ, మైకు ఎక్కువసేపు ఆయన దగ్గరే...

మేనేజర్: పన్ను సంగతి ఇంకా పూర్తి కాలేదు, 50 లక్షలు దాటితే సర్‌చార్జి కూడా...

(సమయం ముగిసింది)