స్కిప్పర్ లేకుండా యాట్ అద్దెకు: ఫుకెట్ బేర్‌బోట్ రివ్యూ, బరంపురం నుంచి

నమస్కారం అండీ. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ ద్వీపంలో కంపెనీ స్కిప్పర్ (పడవ నడిపే కెప్టెన్) లేకుండా తెరచాప పడవ అద్దెకు తీసుకుని తిరిగొచ్చాం. అటు పర్లాకిమిడి నుంచి ఇటు ఇచ్ఛాపురం దాకా చుట్టాలందరూ వీడియో ఎప్పుడు, వీడియో ఎప్పుడు అని ప్రాణం తీస్తున్నారు. అందుకే ఇవాళ డ్రోన్ షాట్లు లేవు, సూర్యాస్తమయాలు లేవు. పెట్టిన డబ్బుకు తగ్గ పనేనా కాదా, అదే మాట్లాడుకుందాం.

బేర్‌బోట్ అంటే పడవ ఒక్కటే ఇస్తారు. నడిపేవాడు రాడు, వండేవాడు రాడు. సెల్ఫ్ డ్రైవ్ కారు లాంటిదే కదా అంటారు చాలామంది. కారైతే పక్కన ఆపి, తాళం వేసి హాయిగా పడుకోవచ్చు. ఇక్కడ అసలు పని ఆపాకే మొదలవుతుంది. ఆ సంగతికి వస్తా.

ముందు కాగితాలు. వెళ్లింది నేను, మా బావ, మా చిన్నాన్న. బావ కార్గో షిప్‌లో సెకండ్ ఆఫీసర్. చిన్నాన్నది గోపాల్‌పూర్, ఒడియా వాళ్లు నోలియాలు అంటారే, ఆ జాలరి కుటుంబం. అంత అలల్లోంచి పడవ తోసుకెళ్లే మనిషి. కానీ కంపెనీ లెక్కలో స్కిప్పర్‌ని నేను. తెరచాప పడవ నడపడానికి ఇచ్చే డే స్కిప్పర్ సర్టిఫికెట్ ఉన్నది నాకే మరి. పెద్ద షిప్పు పని వేరు, తెరచాప పని వేరు అని బావకి మెయిల్‌లోనే తేల్చేశారు. అప్పుడు బావ మొహం చూడాల్సింది!

థాయ్‌లాండ్‌లో చాలా కంపెనీలు లైసెన్సు కంటే సెయిలింగ్ రెజ్యుమే చూస్తాయి. ఎంత పొడవు పడవ నడిపారు, ఎక్కడ, ఎన్ని మైళ్లు అని. క్రొయేషియాలో అలా కుదరదు. వాళ్లు గుర్తించిన స్కిప్పర్ లైసెన్సుతో పాటు, పడవల్లో మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియోకి సర్టిఫికెట్ కూడా చూపించాలి. గ్రీస్‌లో అయితే స్కిప్పర్ కాక పడవ పని తెలిసిన ఇంకో మనిషి కూడా ఉండాలి. కాబట్టి టికెట్లు బుక్ చేసే ముందే అడిగి తెలుసుకోండి.

సీజన్ విషయం. అక్టోబరు, నవంబరు అంటే మన గంజాం వాళ్లకి గుండె దడ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, ఎవరు మర్చిపోతారు? ఫుకెట్‌లో మాత్రం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. అప్పుడు ఈశాన్య గాలి నేల మీద నుంచి వస్తుంది కాబట్టి పడమటి తీరం కూడా ప్రశాంతంగా ఉంటుంది. మేం తిరిగిన ఫాంగ్ ఙా బే ద్వీపానికి తూర్పు వైపు, చుట్టూ సున్నపురాతి కొండలు. అంతా కంటికి కనిపించే దూరాలే. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి చోటు చెప్పలేను. ఫీ ఫీ దీవుల్లోని మాయా బే బీచ్ ఆశ మాత్రం పెట్టుకోకండి. 2018లో మూసేసి 2022లో తెరిచారు గానీ, పడవలు లోపలికి వెళ్లనివ్వరు.

ఇప్పుడు అసలు సంగతి, లంగరు. చాలా కంపెనీలు చీకటి పడ్డాక పడవ కదపొద్దని అగ్రిమెంట్‌లోనే రాస్తాయి. అందుకని మధ్యాహ్నం మూడింటి నుంచే రాత్రికి చోటు వెతుక్కోవాలి. ఒక సాయంత్రం కో ఫనాక్ ద్వీపం పక్కన ఆగాం. లోతు చూపే మీటర్‌లో ఐదు మీటర్లు. అది ఆటు సమయం. పోటుకి ఇంకో రెండున్నర మీటర్లు లేస్తుంది. నీళ్ల నుంచి పడవ ముక్కు ఎత్తు ఒక మీటరు. మొత్తం ఎనిమిదిన్నర. దానికి ఐదు రెట్లు లంగరు గొలుసు వదలాలి, అంటే దాదాపు 43 మీటర్లు. ఐదు మీటర్ల లోతే కదా అని పాతిక వదిలి పడుకుంటే, అర్ధరాత్రి పోటు వచ్చాక లంగరు జారొచ్చు. అన్నట్టు, మీ మీటరు నీటి మట్టం నుంచి చూపిస్తుందా, కీల్ (పడవ అడుగున రెక్కలా ఉండే భాగం) కింద నుంచి చూపిస్తుందా అన్నది బ్రీఫింగ్‌లోనే అడగండి.

చిన్నాన్న ఈ లెక్కలేవీ వేయలేదు. గొలుసు దిగడం చూస్తూ, "ఇంకా వదలరా, గొలుసు నేల మీద పడుకోవాల," అన్నాడు. తర్వాత బావని ఇంజిన్ మెల్లగా రివర్స్‌లో పెట్టమని, తను ముందుకెళ్లి గొలుసు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. గొలుసు గజగజా వణికితే లంగరు అడుగున ఈడ్చుకుపోతున్నట్టు. బిగుసుకుని కదలకుండా ఉంటే పట్టినట్టు. మొదటిసారి వణికింది. మొత్తం లాగి మళ్లీ వేశాం. రెండోసారి బిగిసింది. ఆ తర్వాత గొలుసు కుదుపులు తగ్గించే స్నబ్బర్ తాడు కట్టి, మాస్టు (తెరచాప స్తంభం) పైన లంగరు లైటు వేసి అన్నం వండుకున్నాం. నా మటుకు నాకు, బేర్‌బోట్‌కి అసలైన పరీక్ష ఇదే. తెరచాప లాగడం ఎవరైనా నేర్చుకుంటారు. లంగరు మీద నమ్మకం లేకపోతే రాత్రంతా టెన్షనే, నిద్ర ఉండదు.

ఒకే పొట్ట ఉన్న మోనోహల్లా, రెండు పొట్టలు పక్కపక్కన ఉన్న కేటమరానా? అమ్మావాళ్లతో వెళ్తే కేటమరాన్. ఒరగదు, రెండు ఇంజిన్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి తిప్పడం తేలిక. అద్దె మాత్రం బాగా ఎక్కువ. మేం మోనోహల్ తీసుకున్నాం, మాకది చాలు.

ఖర్చు దగ్గర జాగ్రత్త. సైట్‌లో కనిపించేది పడవ అద్దె మాత్రమే. డీజిల్, చివర్లో క్లీనింగ్, నేషనల్ పార్క్ ఫీజులు సాధారణంగా వేరే. క్రిస్మస్, న్యూ ఇయర్ వారాల్లో రేట్లు మండిపోతాయి. డిపాజిట్‌ని కార్డు మీద బ్లాక్ చేస్తారు, అది చిన్న మొత్తం కాదు. మన కార్డుల్లో ఇంటర్నేషనల్ వాడకం యాప్‌లో ఆన్ చేసి, లిమిట్ పెంచుకుని వెళ్లకపోతే కౌంటర్ దగ్గరే ఆగిపోతారు.

ఎవరికి పనికొస్తుంది? పడవ పని తెలిసినవాళ్లు కనీసం ఇద్దరు ఉంటే కళ్లు మూసుకుని వెళ్లండి. ఒక్కరే ఉంటే మొదటి రోజుకి అక్కడి స్కిప్పర్‌ని పెట్టుకోండి, చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. ఎవరికీ రాకపోతే మొత్తం ట్రిప్పుకి స్కిప్పర్‌ని తీసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు.

ఇంకొక్కటి. పడవ తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీయండి. డింగీ (ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ) అడుగు, ప్రొపెల్లర్, తెరచాప కుట్లు, ఏదీ వదలకండి. తిరిగి అప్పజెప్పేటప్పుడు వెనక వైపు ఒక గీత చూపించి డబ్బు కోస్తామన్నారు. మేం మొదటి రోజు తీసిన వీడియో తెరిచి, అదే గీత అందులో చూపించాక ఇంకేమీ మాట్లాడలేదు. డిపాజిట్ కార్డులోకి తిరిగొచ్చేదాకా ఆ వీడియో డిలీట్ చేయకండి.