సోనిక్స్ వెళ్లిపోయింది, పేరు సియాటిల్‌లోనే ఉంది

అందరికీ నమస్కారం. ఇక్కడున్న చాలామందిలాగే నేనూ ఉద్యోగం కోసమే సియాటిల్ వైపు వచ్చాను. బెల్వ్యూలోనో రెడ్మండ్‌లోనో ఆకుపచ్చ, పసుపు రంగుల్లో ‘సోనిక్స్’ అని రాసున్న టీషర్ట్ మీరూ చూసే ఉంటారు. ఆ బాస్కెట్‌బాల్ టీమ్ ఈ ఊళ్లో ఆఖరి మ్యాచ్ ఆడింది 2008 ఏప్రిల్ 13న. అయినా ఆ టీషర్ట్‌లు ఇంకా ఎందుకు వేసుకుంటున్నారు? ఈరోజు నేను చెప్పాలనుకున్నది అదే.

ముందు పేరు సంగతి. 1967లో టీమ్ పెట్టినప్పుడు ఇక్కడి బోయింగ్ కంపెనీ ధ్వని కంటే వేగంగా పోయే ప్రయాణికుల విమానం తయారుచేసే పనిలో ఉంది, అందుకే సూపర్‌సోనిక్స్ అని పెట్టారు. 1971లో ప్రభుత్వం డబ్బులు ఆపేయడంతో ఆ విమానం ఎగరనే లేదు. టీమ్ మాత్రం ఎగిరింది. అదే ఏడాది సోనిక్స్ ఆటగాడు స్పెన్సర్ హేవుడ్ కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. హైస్కూల్ అయ్యాక నాలుగేళ్లు గడిస్తేగానీ ఎన్‌బీఏలో, అంటే ఇక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్‌లో, ఆడకూడదన్న రూల్‌కి ఆ తీర్పుతోనే గండి పడింది. ఇవాళ పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లు ఎన్‌బీఏలో ఆడుతున్నారంటే, ఆ దారి వేసింది హేవుడ్, ఆయన వెనక నిలబడిన సోనిక్స్ యజమాని శామ్ షుల్మన్.

1979లో లెనీ విల్కెన్స్ కోచ్‌గా, వాషింగ్టన్ బుల్లెట్స్‌ని 4-1తో ఓడించి కప్పు కొట్టారు. 1996లో గ్యారీ పేటన్, షాన్ కెంప్ ఉన్న జట్టు 64 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్‌కి వెళ్లి, మైకేల్ జోర్డాన్ ఉన్న షికాగో బుల్స్ చేతిలో 4-2తో ఓడింది. మాకు పేటన్ కావాలి, జోర్డాన్ వద్దు అనేవాళ్లు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు, నాకు వాళ్లంటే చాలా ఇష్టం.

మరి ఎందుకు పోయింది? ఆటలో ఓడి కాదండీ, స్టేడియం గొడవతో. స్టార్‌బక్స్ కాఫీ కంపెనీ పెద్ద హోవర్డ్ షుల్ట్స్ 2001లో టీమ్ కొన్నారు, కొత్త హాల్‌కి ప్రజల డబ్బు అడిగితే దొరకలేదు, 2006లో ఓక్లహోమా సిటీకి చెందిన క్లే బెనెట్ బృందానికి 35 కోట్ల డాలర్లకి అమ్మేశారు. అదే ఏడాది నవంబరులో, క్రీడా జట్లకి ఊరి డబ్బు ఇస్తే ఊరికి లాభం రావాల్సిందేనని ఓటర్లు భారీ మెజారిటీతో తేల్చారు. స్కూళ్లకీ రోడ్లకీ వెళ్లాల్సిన డబ్బు గురించి అలా అడగడం న్యాయమేనని నేననుకుంటాను. కానీ కొన్నవాళ్లది ఏ ఊరో తెలిసి కూడా అమ్మడం మాత్రం తప్పే, తర్వాత షుల్ట్స్ కూడా బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నారు. ఆ బృందంలోనే ఒకాయన, మేం కొన్నది సియాటిల్‌లో ఉంచడానికి కాదు అని 2007లో పేపర్‌వాళ్లతో అనేస్తే ఎన్‌బీఏ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది.

ఆ ఆఖరి రాత్రి చూడండి. ఆ సీజన్లో టీమ్ గెలిచింది ఇరవై, ఓడింది అరవై రెండు. అయినా టీమ్ ఆడే హాలు కీ అరీనా దాదాపు నిండిపోయింది, టీమ్‌ని కాపాడండి అని జనం గొంతు చించుకుని అరుస్తున్నారు. మొదటి ఏడాది ఆడుతున్న కెవిన్ డ్యురాంట్ కోర్టు మధ్యలో చేతులు పైకెత్తి, ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అని సైగ చేశాడు. 99-95తో డల్లాస్ మీద గెలిచారు!

కీ అరీనా లీజు 2010 దాకా ఉంది కాబట్టి నగరం కోర్టుకెళ్లింది. జూలై 2న తీర్పు రావాల్సిన రోజే నాలుగున్నర కోట్ల డాలర్లకి రాజీ పడ్డారు. ఆటగాళ్లు ఓక్లహోమా సిటీకి వెళ్లిపోయారు, ఆ టీమే ఇప్పుడు అక్కడి థండర్. పేరు, రంగులు, 1979 ట్రోఫీ మాత్రం సియాటిల్‌లోనే ఉండాలని ఒప్పందంలో రాయించుకున్నారు. ఆ రాజీ మీద కోపం ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, ఆ ఒక్క షరతుకి మాత్రం నేను దండం పెడతాను.

2018 అక్టోబరులో డ్యురాంట్ వేరే టీమ్ తరఫున ప్రాక్టీస్ మ్యాచ్ ఆడటానికి కీ అరీనాకి వచ్చాడు. ఆటగాళ్ల పరిచయాలప్పుడు డ్యురాంట్, షాన్ కెంప్ పేరున్న పాత సోనిక్స్ జెర్సీ వేసుకుని బయటికొచ్చాడు. హాలు హోరెత్తిపోయింది.