శనివారం ఒక్కపొద్దు, సోమవారం ఒక్కపొద్దు, మరి మంగళవారం?

తమ్ముడు: నమస్కారం అండీ, అనంతపురం నుంచి మాట్లాడుతున్నాం. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తే అది మా అమ్మ, ఎన్నిసార్లు చెప్పినా సరిగ్గా రికార్డింగ్ టైంకే ఆమెకు అంట్లు గుర్తొస్తాయి. ఈరోజు గెస్ట్ మా సొంత అక్క. ఇంటర్ చదివేటప్పుడు ఏడాదిన్నర పాటు అక్క దాదాపు తిండి మానేసింది. అప్పుడు నేను ఏడో తరగతి. నాకు తెలిసిందల్లా అక్క వాటా బజ్జీలు కూడా నాకే వస్తున్నాయని.

అక్క: సిగ్గు లేకుండా చెప్పుకుంటున్నాడు చూడండి. ముందే ఒక మాట, నేను డాక్టర్ని కాదు. అనరెక్సియా అనే ఆ తిండి మానేసే జబ్బు పడి లేచిన మనిషిని, లేచాక దాని గురించి దొరికిందల్లా చదివిన మనిషిని. కిలోల లెక్కలు, కేలరీల లెక్కలు మాత్రం చెప్పను. వినేవాళ్ళలో అప్పటి నాలాంటి పిల్ల ఉంటే మిగతాదంతా వదిలేసి ఆ అంకెలే పట్టుకుంటుంది.

తమ్ముడు: సరే, మొదలు ఎక్కడక్కా?

అక్క: టైఫాయిడ్‌తో. కర్నూల్లో హాస్టల్లో ఉన్నప్పుడు వచ్చింది, మూడు వారాలు గంజి, బ్రెడ్డు. ఇంటికొస్తే అందరూ అయ్యో చిక్కిపోయావే అంటూనే, ముఖం మాత్రం కళగా ఉంది అన్నారు. ఆ రెండో మాటే నాలో దిగింది. జ్వరం తగ్గాక ముందు నూనె వదిలేశాను, జీర్ణం కాదని. తర్వాత శెనక్కాయలు. అనంతపురంలో శెనక్కాయ మానేయడమంటే ఏమిటో మన వాళ్ళకు చెప్పక్కర్లేదు, చట్నీలో అదే, తాలింపులో అదే, వంకాయ కూరలో అదే. ఆ తర్వాత అన్నం పోయింది, పప్పు పోయింది. చివరికి మిగిలింది దోసకాయ, పల్చటి మజ్జిగ, ఒక జొన్నరొట్టె. ఆ రొట్టెను గోరంత గోరంత ముక్కలు తుంచి పళ్ళెం అంచున వరసగా పేర్చుకుని గంటసేపు తినేదాన్ని. ఒక ముక్క కాస్త పెద్దదైతే మళ్ళీ తుంచేదాన్ని.

తమ్ముడు: కానీ ఇంట్లో అందరికీ రొట్టెలు చేసి పెట్టింది నువ్వే కదా?

అక్క: అదే జనానికి అర్థం కాదు. అనరెక్సియా అంటే గ్రీకులో ఆకలి లేకపోవడం. 1873 ప్రాంతంలో లండన్‌లో విలియం గల్ అనే డాక్టరు ఆ పేరు పెట్టాడు, నన్నడిగితే తప్పు పేరు. ఆకలి ఉంటుంది రా. చాలామందికి ఇరవై నాలుగు గంటలూ తిండి ధ్యాసే. నేను కెమిస్ట్రీ నోట్సు వెనక పేజీల్లో ఓళిగలు ఎలా చేయాలో రాసుకునేదాన్ని, తినేది లేదు. పిచ్చేమో అనుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత మిన్నెసోటా ప్రయోగం గురించి చదివాను. 1944 చివర్లో అమెరికాలో యాన్సెల్ కీస్ అనే ఆయన, యుద్ధానికి వెళ్ళబోమని చెప్పిన 36 మంది ఆరోగ్యమైన కుర్రాళ్ళను వాళ్ళ ఇష్టంతోనే తీసుకుని ఆరు నెలలు అరకొర తిండి మీద ఉంచాడు. వాళ్ళు వంటల పుస్తకాలు పోగుచేయడం మొదలుపెట్టారు, ఒక్క భోజనాన్ని గంటలు గంటలు సాగదీశారు, పళ్ళేలు నాకారు. వాళ్ళకు లావైపోతామన్న భయమేమీ లేదు. అంటే నేను నా పిచ్చి అనుకున్నదాంట్లో సగం కేవలం ఒంటికి తిండి చాలక వచ్చింది.

తమ్ముడు: ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదా? అమ్మ, అవ్వ ఇద్దరూ ఉన్నారు కదా.

అక్క: ఎలా వస్తుంది, నాకు దేవుళ్ళు అడ్డం ఉన్నారు. సోమవారం శివుడు, గురువారం బాబా, శనివారం వెంకన్న. అవ్వ వీధంతా చెప్పుకుంది, మా పిల్లకు ఎంత భక్తో అని. మంగళవారం ఏమిటే అని ఒకసారి అడిగింది, ఆంజనేయస్వామి అన్నాను. కానీ తేడా ఉంది. అమ్మ ఒక్కపొద్దు ఉంటే సాయంత్రం దీపం పెట్టి ఆకలి ఆకలిగా కూర్చుని తృప్తిగా తింటుంది. నాకు ఆ ఒక్కపొద్దు విడిచే గంట వస్తోందంటేనే చేతులు చల్లబడేవి, ఏదో ఒక వంకతో దాన్ని వెనక్కి నెట్టేదాన్ని.

తమ్ముడు: అవ్వ ఒకసారి ఏడ్చింది, నాకు గుర్తుంది.

అక్క: ఊఁ. 1952 కరువులో గంజి కేంద్రం ముందు గిన్నె పట్టుకుని నిలబడిన మనిషి. ఇంట్లో బియ్యం బస్తా ఉండగా బిడ్డ తిననంటే ఆమె తట్టుకోలేదు. "దేవుడు పెట్టిన్యాడు, నువ్వెందుకు తినవు తల్లీ" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

తమ్ముడు: డాక్టర్ల దగ్గరికి తిరిగారు కదా?

అక్క: కడుపుబ్బరం అని తిరిగాం. గ్యాస్ మాత్రలు, సిరప్పులు, ఒకచోట రక్తం తక్కువని టానిక్కు, ఒకాయన పెళ్ళి చేస్తే తగ్గుతుందన్నాడు. పీరియడ్స్ ఆగిపోయాయి, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడేది, మే నెల అనంతపురం ఎండలో నేను దుప్పటి కప్పుకునేదాన్ని, గుండె మెల్లగా కొట్టుకునేది. అయినా ఎవరూ ఆ వైపు ఆలోచించలేదు, ఎందుకంటే నేను ఎన్నడూ లావుగా ఉన్నానని అనలేదు. కడుపు నిండుగా ఉంది, అంతే. అది అబద్ధం కూడా కాదు, తిండి తగ్గితే పొట్ట ఖాళీ అవడం నిజంగానే మెల్లగా జరుగుతుంది, నాలుగు ముద్దలకే పట్టేసినట్టు ఉంటుంది. 1990ల్లో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్టు ఇలాంటి వాళ్ళ గురించే రాశాడు, లావు భయం చెప్పరు, కడుపుబ్బరం అంటారు, కానీ జబ్బు అదే. అది చదివి నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

తమ్ముడు: ఇక్కడ ఒకటి అడగాలి. తినకూడదని నువ్వు నిర్ణయించుకున్నావా, లేక తినలేకపోయావా? ఇప్పటికీ బంధువులు మొండితనం అంటారు.

అక్క: మొదట్లో నిర్ణయమే అనుకో. తర్వాత నా చేతిలో లేదు. అదెలాగంటే, పళ్ళెంలో చట్నీ చూస్తే భయం, పక్కకు జరిపితే హమ్మయ్య. ఆ హమ్మయ్యే అసలు సమస్య. జరిపిన ప్రతిసారీ మనసుకు ఒక పాఠం, చట్నీ ప్రమాదం, తప్పించుకున్నావు కాబట్టి బతికావు అని. మర్నాటికి భయం ఇంకా పెరుగుతుంది, ఇంకో పదార్థం ఆ జాబితాలోకి ఎక్కుతుంది. 2015లో కొలంబియా యూనివర్సిటీ వాళ్ళు స్కానింగ్‌లో చూశారు, ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఏం తినాలో ఎంచుకునేటప్పుడు మెదడులో అలవాట్లను నడిపే భాగం ఎక్కువగా పనిచేస్తోంది. మనం కొత్త ఇంటికి మారాక కూడా బండి పాత ఇంటి వైపు తిప్పేస్తాం చూడు, అలాంటిది. దాన్ని మొండితనం అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తమ్ముడు: మరి ఎలా బయటపడ్డావు?

అక్క: కాలేజీ మెట్ల మీద పడిపోయాను, బెంగళూరు తీసుకెళ్ళారు, అక్కడ ఒక సైకియాట్రిస్టు పది నిమిషాల్లో పేరు చెప్పింది. అవ్వ ఆ రోజే నేతి ఓళిగలు పట్టుకుని తయారు. డాక్టరమ్మ ఆపేసింది. చాలా రోజులు ఎండిన ఒంటికి ఒక్కసారిగా తిండి పోస్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతుంది, గుండెకే ప్రమాదం. రోజూ రక్తపరీక్ష చేస్తూ కొద్దికొద్దిగా పెంచారు. ఇది మాత్రం ఇంట్లో వాళ్ళు సొంతంగా చేసే పని కాదు, గట్టిగా చెబుతున్నాను.

ఇంటికొచ్చాక పని అమ్మది. ఏం తినాలి, ఎంత అన్నది నన్ను అడగకూడదు, తను పెట్టాలి, పక్కన కూర్చోవాలి, తిట్టకూడదు, బతిమాలకూడదు. లండన్‌లో మాడ్‌స్లీ ఆసుపత్రి వాళ్ళు 1980ల్లో మొదలుపెట్టిన పద్ధతి. శెనక్కాయ చట్నీ వంతు వచ్చిన రోజు ఉగ్గాని చేసింది. పక్కన అరచెంచా చట్నీ. నూనె బొట్టు ఒకటి పసుపు రంగులో చట్నీ అంచు నుంచి బొరుగుల్లోకి జారుతోంది, నేను దాన్నే చూస్తున్నాను, ముట్టుకుంటే ఉగ్గాని మొత్తం పాడైపోతుందన్నట్టు. నలభై నిమిషాలు. ఏడుపు. అమ్మ ఏమీ అనలేదు, కొత్తిమీర కట్ట విప్పి ఆకులు వలుచుకుంటూ కూర్చుంది. తిన్నాను. తిన్నాక కూడా లేవనివ్వలేదు, ఆ భయం పెరిగి పెరిగి దానంతటదే దిగేదాకా కూర్చోబెట్టింది. దిగింది. నాకు తెలియదు అప్పటిదాకా, అది దిగుతుందని.

తమ్ముడు: ఒక్కసారికే అయిపోయిందా?

అక్క: ఎక్కడ! ఆ చట్నీ ఒక్కదానికే పదిహేను ఇరవై సార్లు పట్టింది. మధ్యలో కడపలో పెళ్ళికి వెళ్తే ఒకావిడ నవ్వుతూ "బాగా ఒళ్ళు చేశావే" అంది. ప్రేమగానే అంది పాపం. నేను రెండు పూటలు తినలేదు.

తమ్ముడు: ఇంట్లో ఇలాంటి పిల్ల ఉంటే, అబ్బాయిలకూ వస్తుందట కదా, పిల్లాడైనా సరే, ఎక్కడికి పోవాలి?

అక్క: సైకియాట్రీ ఓపీకి, సిగ్గుపడకుండా. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉంటుంది. అదీ కుదరకపోతే టెలీ మానస్, 14416, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పడిపోతుంటే, గుండె దడగా ఉంటే ఫోన్లు కాదు, నేరుగా ఎమర్జెన్సీకి. ఇంకోటి, ఎంత తిన్నావు అని అడగడం మానేయండి. డాక్టరమ్మ అమ్మకు అదే చెప్పింది, తింటున్నప్పుడు తిండి లెక్కలు మాట్లాడొద్దు అని. అమ్మకు నోరు ఊరుకోదు కదా, దాని బదులు ఉప్పు సరిపోయిందా అని అడగడం మొదలుపెట్టింది.

తమ్ముడు: ఇప్పటికీ అదే అడుగుతుంది, నన్ను కూడా!

అక్క: నిన్న రాత్రి పప్పులో నిజంగానే తక్కువైంది. చెబితే అలిగింది.