ఉత్తరం ఎవరికి రాయాలి?

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, మహేంద్రతనయ ఒడ్డున తెలుగు నిలుపుకున్న మీ అందరికీ నమస్కారం. ఆగస్టు 29 కదా, గిడుగు రామమూర్తి గారి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర గిరిజనుల మధ్య కూర్చుని వారి భాష నేర్చుకుని, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని పట్టుబట్టిన మహానుభావుడాయన. మనిషితో అతనికి తెలిసిన మాటలోనే మాట్లాడాలన్న ఆ పాఠాన్ని ఈవేళ మన పిల్లల ఉద్యోగాల విషయంలో చెప్పుకుంటాను, మన్నించండి.

ఇరవై ఎనిమిదేళ్లు ఈ ఊళ్లో టైపు నేర్పాను. లోయరు, హయ్యరు పరీక్షలు వస్తే పిల్లలు మిషన్లను రిక్షాల మీద పెట్టుకుని కేంద్రానికి తీసుకువెళ్లేవారు. పొద్దున్న ఆరు గంటల బ్యాచీలో తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ పక్కపక్కన కూర్చుని కొట్టే చప్పుడుకే మా వీధి మేలుకొనేది. 1870లలో అమెరికాలో టైపు మిషనుకు అమర్చిన ఇంగ్లీషు అక్షరాల వరసే ఇవాళ ఫోను తెర మీదా ఉంది కాబట్టి నా శిష్యుల వేళ్లు నేర్చిన విద్య చెడిపోలేదు. టైపిస్టు ఉద్యోగం మాత్రం పోయింది, ఎందుకంటే అధికారి తన ఉత్తరం తానే కొట్టుకోసాగాడు. ఒక ఉద్యోగంలో ఉండే పదిరకాల పనుల్లో కొన్నిటిని యంత్రం తీసుకుంటుంది, కొన్నిటిని వేరొకరి చేతికి మారుస్తుంది. మిగిలినవాటికి జీతం ఇచ్చేవారు ఉండరు.

బ్యాంకుల్లో ఇలా జరగలేదు. 1983లో ఉద్యోగ సంఘాలూ యాజమాన్యాలూ ఎదురెదురుగా కూర్చుని యంత్రాల గురించి ఒప్పందం రాసుకున్నాయి. మరుసటి ఏడాది బ్యాంకుల్లో యంత్రాల మీద రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది, కంప్యూటర్లూ వచ్చాయి. లెడ్జర్లు రాసిన గుమాస్తాలే ఆ కంప్యూటర్ల ముందు కూర్చుని పదవీ విరమణ దాకా పనిచేశారు. ముందు వరసలో ఉన్న మా పింఛనుదారు మిత్రులే అందుకు సాక్షులు.

ఇప్పుడు నా బాధ చెబుతాను. నా శిష్యుడి కొడుకు విశాఖపట్నంలో ఒక యాప్ కింద ఇంటింటికీ భోజనం చేరవేసేవాడు. బండి, పెట్రోలు, ఫోను అన్నీ అతనివే. సిఫారసు లేకుండా అతనికి పని దొరికింది ఆ యాప్ వల్లనే, కాదనను. ఒక వానరోజు ఆర్డరు ఆలస్యమైంది, మర్నాటికి ఐడీ బ్లాక్ అయింది. తెర మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు తప్ప మరేమీ లేదు. పదకొండు రోజులు ఎదురుచూసి, బండి వాయిదా తప్పిపోయాక నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఒక అర్జీ రాసిపెట్టండి" అన్నాడు. వందలమందికి అర్జీ పద్ధతి నేర్పిన నాకు, పైన ఎవరి పేరు రాయాలో తెలియలేదు. అయ్యలారా, అమ్మలారా, మళ్లీ చెబుతున్నాను, ఎవరి పేరు రాయాలో తెలియలేదు!

ఇలాంటివారు 2020-21లో దేశంలో 77 లక్షలమంది ఉన్నారని, 2029-30కి 2.35 కోట్లు అవుతారని నీతి ఆయోగ్ 2022లో లెక్క వేసింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ వీరికి మొదటిసారి చట్టంలో చోటిచ్చి, యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం వీరి సంక్షేమానికి ఇవ్వాలంది. అదే చట్టం వీరిని యజమాని, ఉద్యోగి అన్న సంబంధానికి వెలుపల ఉంచింది కనుక బీమా వచ్చినా నా అర్జీకి చిరునామా దొరకదు. పని నుంచి తీసేసే ముందు కారణం చెప్పి 14 రోజుల నోటీసు ఇవ్వాలని కర్ణాటక 2025లో చట్టం చేసింది. మనకు అంతకన్నా చిక్కు ఉంది: పిల్లవాడి ఓటు ఒడిశాలోని మన గజపతి జిల్లాలో, బండి విశాఖ వీధుల్లో. అతని మొర ఒడిశా వినాలా, ఆంధ్ర వినాలా? రెండు ప్రభుత్వాలనూ కూర్చోబెట్టి ఇది తేల్పించాలని ఈ సభ తీర్మానం చేయాలని కోరుతున్నాను.

సభ ముగిశాక గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాను. మీ ఇళ్లలో యాప్ పని చేసే పిల్లలుంటే ఆధార్‌కు కలిపిన ఫోనుతో రమ్మనండి, అసంఘటిత కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఈ-శ్రమ్ జాబితాలో పేర్లు ఎక్కిస్తాను. ఐడీ బ్లాక్ అయినవాళ్లు ఆ తెర మీది మాటలను ఫొటో తీసి తెస్తే తెలుగులో చదివి వినిపిస్తాను.