పదింటి కూడిక పదకొండింటికి మొదలైతే

(హనుమకొండలో సంఘ పెద్దలు, స్త్రీల సమాజ నాయకురాళ్ల శిక్షణ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో అందరికీ వందనాలు. వేదిక మీది అయ్యగార్లకు, అమ్మగార్లకు, పాస్టరేట్ కమిటీ పెద్దలకు కూడా అదే వందనం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే ఎవరిదో ఒకరిది మరిచిపోతాను. వారికి కోపం వస్తుంది. ఆ కోపం తీర్చడానికి మళ్లీ మైకు పట్టుకోవాలి. శాలువా వద్దని నిన్ననే ఫోన్ చేసి చెప్పాను, అయినా తెచ్చారు. చలికాలం కదా, గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ తాతకు కప్పండి.

నాకు ఇచ్చిన అంశం "క్రైస్తవుడు – సమయ సద్వినియోగం". ఇచ్చిన సమయం 40 నిమిషాలు. కరపత్రంలో నా ప్రసంగం 10:45కు అని అచ్చువేశారు. ఇప్పుడు గోడ గడియారంలో 11:40. ఎవరినీ తప్పుపట్టడం లేదు. కాదు, తప్పే పడుతున్నాను, దాచడమెందుకు. అయితే ముందు వాక్యం చూద్దాం.

ఎఫెసీయులకు పౌలు రాసిన పత్రిక 5వ అధ్యాయం, 15, 16 వచనాలు. "దినములు చెడ్డవి గనుక, మీరు సమయమును పోనియ్యక సద్వినియోగము చేసికొనుచు..." మనం వందసార్లు విన్న వాక్యమే. ఇక్కడ "సద్వినియోగము" అన్న చోట పౌలు వాడిన గ్రీకు మాటలో సంత దాగి ఉంది. సంతలో ఉన్న సరుకును ధర చెల్లించి కొనేసుకోవడం, చేజారిపోకుండా దక్కించుకోవడం అని దాని అర్థం. ఇక "సమయము" అన్న చోట ఆయన రాసింది కైరోస్. గ్రీకులో గడియారం లెక్కకు క్రోనోస్ అనే వేరే మాట ఉంది. కైరోస్‌కు మన దగ్గర అంతకన్నా మంచి మాటే ఉంది: అదును. "అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అంటారు కదా, ఆ అదును.

ఇక్కడ పత్తి పండించేవాళ్లు చాలామంది ఉన్నారు. కాయ పగిలింది, పత్తి విచ్చుకుంది. పొద్దున్నే మంచు తడితో ఏరితే తేమ ఎక్కుతుంది. మంచు ఆరాక ఏరాలి. ఎనిమిది శాతం తేమ దాకా పూర్తి మద్దతు ధర వస్తుంది. ఆపైన ఒక్కో శాతానికీ కోత, పన్నెండు దాటితే సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ ముట్టదు. అట్లాగని ఇంకో పది రోజులు ఆగుదామంటే వాన కొడుతుంది, రంగు మారుతుంది. అదే పత్తి, అదే చేను, పోయింది అదును ఒక్కటే. పౌలు చెప్పేది ఇదే. క్యాలెండర్ నిండా పనులు రాసుకోమని ఆయన అనలేదు. ఏ పనికి ఏ గడియో చూసుకుని, ఆ గడియను ధర పెట్టి కొనుక్కోమన్నాడు.

అదునుకు ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను. సంఘంలో ఒక ఇంట్లో చావు జరిగిందనుకోండి. మొదటి మూడు రోజులు ఆ ఇంట్లో నిలబడే చోటుండదు. ఆదరణ కూడిక నాడు భోజనాలు, ఫ్లెక్సీలు, ప్రసంగాలు. మూడో వారం వచ్చేసరికి చుట్టాలంతా వెళ్లిపోయి ఉంటారు. ఆ తల్లి ఒక్కతే పొయ్యి ముందు కూర్చుంటుంది, ఎవరికి వండాలో తెలియక. అదును అప్పుడు. మూడో వారం మంగళవారమో బుధవారమో ఇద్దరు స్త్రీలు అరగంట వెళ్లి కూర్చుంటే, ఆ అరగంటకు మొదటి రోజు ఇచ్చిన మూడు గంటలు కూడా సాటిరావు. స్త్రీల సమాజం కార్యదర్శి తన నోటుబుక్కులో చావు తేదీ పక్కనే "21వ రోజు" అని ఇంకో తేదీ వేసుకోవాలి. అంతకన్నా పెద్ద పథకమేమీ అక్కర్లేదు.

ఆస్పత్రి సందర్శన కూడా అంతే. పది నిమిషాలు చాలు. డాక్టర్ రౌండ్స్ అయ్యాక వెళ్లండి. మంచం మీద కూర్చోకండి, కుట్లు కదులుతాయి. ప్రార్థన రెండు నిమిషాలు, గొంతు తగ్గించి. పక్క మంచం మీదున్న వాళ్లు కూడా మనుషులే. అంతకుముందు ఇదే రోగంతో ఎవరెవరు పోయారో అక్కడ చెప్పకండి.

ఇప్పుడు లెక్క. "మా దినములు లెక్కించుటకు మాకు నేర్పుము" అని 90వ కీర్తనలో మోషే అడిగాడు. వారానికి 168 గంటలు. నిద్ర రోజుకు ఏడు చొప్పున 49. పని, రాకపోకలు కలిపి 60. వంట, స్నానం, ఇల్లు, పిల్లలు 21. మిగిలింది 38. "టైమే లేదండీ" అనే మగవాళ్లు ఈ 38 ఎక్కడ పోతోందో చూసుకోవాలి. ఆడవాళ్ల లెక్క వేరు, వంట ఇల్లు కలిపి 21తో ఏ ఇంట్లో గడుస్తుంది? వాళ్లకు 15 మిగిలితే గొప్ప.

చూసుకునే పద్ధతి చెప్తాను. ఒక తెల్లకాగితం మీద ఏడు నిలువు గళ్లు గీయండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా ప్రతి అరగంటకు ఒక అడ్డ గీత. వారం పాటు ఏం చేస్తే అది రాయండి. చాలామంది ఇక్కడ చేసే తప్పు, రాత్రి పడుకునే ముందు ఒకేసారి కూర్చుని నింపడం. రాత్రిపూట మనిషి తనకు తాను అబద్ధం చెప్పుకుంటాడు. ఫోన్ చూసిన గంటన్నర "విశ్రాంతి" అవుతుంది, పది నిమిషాల ప్రార్థన "ధ్యానం, గంట" అవుతుంది. అందుకే రోజుకు మూడుసార్లు, తిండి తిన్నప్పుడల్లా రాయాలి. ఫోన్ సంగతైతే కాగితం కూడా అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ నొక్కితే అదే సాక్ష్యం చెప్తుంది. రోజుకు రెండు గంటలు అనుకున్నా ఏడాదికి 730 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి నెల రోజులు. గుడ్ మార్నింగ్ వాక్యాల గ్రూపులన్నీ మ్యూట్ చేయండి. వాక్యం మీద కోపంతో కాదు. ఎవరూ చదవరు కాబట్టి, పంపినవాళ్లతో సహా.

బైబిల్ చదవడం గురించి త్వరగా చెప్తాను. మొత్తం 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుంది. అయితే ఈ లెక్కన సరిగ్గా జనవరి నెలాఖరుకు లేవీయకాండం వస్తుంది, చాలామంది బండి అక్కడే దిగబడుతుంది. కొత్తవాళ్లకు నేను చెప్పేది కొత్త నిబంధన: 260 అధ్యాయాలు, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఒకటి, 52 వారాలకు సరిగ్గా సరిపోతుంది. ఒకరోజు తప్పితే శనివారం ఉంది. కుటుంబ ప్రార్థన పదిహేను నిమిషాలు దాటించకండి, తొమ్మిదిలోపు ముగించండి. అది పాడయ్యేది ఒక్కచోటే, నాన్నగారు ప్రసంగం మొదలుపెట్టినప్పుడు. కొడుకు దుబాయ్‌లో ఉంటే మన ఎనిమిదికి వాడికి ఆరున్నర, రియాద్‌లో అయితే ఐదున్నర. వాడు ఇంకా డ్యూటీలో ఉంటాడు. వాడిని కలుపుకోవాలంటే ఆ వారం టైం వాడిని అడిగి పెట్టుకోండి.

ఇంతవరకు చెప్పింది మన సొంత సమయం. నేను అసలు మాట్లాడాలనుకుంది ఇంకొకరి సమయం గురించి. తర్వాతి కాగితాల్లో "ప్రాధాన్యతలు" అని ఒక భాగం రాసుకొచ్చాను, దాన్ని వదిలేస్తున్నాను.

ఇవాళ కూడిక పదింటికి అన్నారు. పదింటికి వచ్చినవాళ్లు చేతులెత్తండి. దించకండి, అందరూ చూడనివ్వండి. పదకొండు మంది. అందులో తొమ్మిది మంది ఆడవాళ్లు. మొదలైంది 10:50కి. ఈ హాల్లో 120 మంది ఉన్నారు, అందరూ చెప్పిన టైంకే వచ్చారనుకుందాం. 120ని 50 నిమిషాలతో గుణిస్తే ఆరు వేల నిమిషాలు, వంద గంటలు. పన్నెండు రోజుల పైచిలుకు కూలి. తర్వాత అతిథులకు సన్మానం. పన్నెండు మందికి మనిషికి మూడు నిమిషాలు: పేరు పిలవడం, ఆయన నడిచి రావడం, శాలువా, ఫోటో, ఫోటో సరిగా రాలేదని ఇంకో ఫోటో. 36 నిమిషాలు. మళ్లీ 120తో గుణించండి, 72 గంటలు. కానుకల సంచిలోంచి వంద రూపాయలు తీస్తే కమిటీ వేసి విచారణ చేస్తాం. ఇది ఎవరి ఖాతాలో రాయాలి?

జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చేసే అక్కలను తలుచుకోండి. రాత్రే తునికాకు తడిపి గుడ్డలో చుట్టి పెడుతుంది. పొద్దున చాట ఒళ్లో పెట్టుకుని ఆకు కత్తిరించడం, పొగాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం. వెయ్యి బీడీలకు ఎనిమిది నుంచి పది గంటలు. అంటే గంటకు అటూఇటూ వంద, ఇరవై ఐదు లెక్కన నాలుగు కట్టలు. ఇవాళ్టిలాంటి కూడికకు ఆమె వస్తే, ఆలస్యం, సన్మానాలు కలిసి ఆమె చేతిలోంచి ఆరు కట్టలు తీసుకున్నాయి. ఇంటికి వెళ్లేసరికి తడిపిన ఆకు ఆరిపోయి ఉంటుంది. ఆరిన ఆకు చుట్టబోతే పగులుతుంది. మళ్లీ తడపాలి. ఆమె మనతో ఏమీ అనదు. వచ్చే నెల కూడికకు రాదు, అంతే. మనం "ఆమెలో ఆత్మీయత తగ్గింది" అని ప్రార్థన అంశాల్లో రాసుకుంటాం.

అమ్మా, మీరు నవ్వుతున్నారు గానీ ఇది నవ్వే మాట కాదు.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తీయండి. త్రోయ పట్టణం, మేడ గది, మూడో అంతస్తు. ఐతుకు అనే యువకుడు కిటికీలో కూర్చున్నాడు. పౌలు మాటలు అర్ధరాత్రి దాకా సాగాయి. గదిలో చాలా దీపాలున్నాయని ఈ గ్రంథం రాసిన లూకా ప్రత్యేకంగా రాశాడు. దీపాల వేడి, నూనె పొగ, జనం. అది ఆదివారం. మనకు సెలవు గానీ ఆ రోజుల్లో వారం మొదటి రోజు పనిదినం. ఆ కుర్రాడూ పగలంతా ఎక్కడో పని చేసే వచ్చి ఉంటాడు. నిద్రాభారం వల్ల జోగి కింద పడ్డాడు. చనిపోయినవాడిగా ఎత్తారు. మనవాళ్లు ఈ భాగం మీద చేసే ప్రసంగాలన్నీ ఐతుకు మీదే: సంఘంలో నిద్రపోతే పడిపోతావు, కిటికీలో కూర్చోకు, ఒక కాలు లోకంలో ఒక కాలు సంఘంలో పెట్టకు. పాపం ఆ పిల్లవాడిని లూకా ఒక్క మాట అనలేదు. "పౌలు చాలసేపు ప్రసంగించుచుండగా" అని మాత్రం రాసిపెట్టాడు.

"పౌలే తెల్లవార్లూ బోధించలేదా" అని కొందరు నాకు ఎదురు చెప్తారు. బోధించాడు. మరునాడు ఆయన ప్రయాణం, వాళ్లను మళ్లీ చూస్తాడో లేదో తెలియదు. అది అదును. మీరు వచ్చే ఆదివారం కూడా ఇక్కడే ఉంటారు కదా. ఇంకోటి, పౌలు కిందికి దిగి వెళ్లి ఆ పిల్లవాడిని కౌగిలించుకున్నాడు, ఆ తర్వాతే మిగతా మాటలు. పడిన ఐతుకును లేపగలిగినవాళ్లు నిరభ్యంతరంగా అర్ధరాత్రి దాకా మాట్లాడండి.

నిర్గమకాండం 18లో యిత్రో ఏం చూశాడు? మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని తీర్పు తీరుస్తున్నాడు. మనం మోషే అలసట గురించే చెప్పుకుంటాం. మామగారు అన్నది "నీవును నీతోనున్న యీ ప్రజలును" నలిగిపోతారని. వరుసలో నిలబడ్డవాళ్ల కాళ్లను ఆయన చూశాడు. మామ చెప్తే అల్లుడు విన్నాడు, దాన్ని కూడా ఆ గ్రంథంలోని అద్భుతాల్లో లెక్కపెట్టాలి.

మరి ఏం చేయాలి? కరపత్రంలో మొదలయ్యే టైంతో పాటు ముగిసే టైం కూడా అచ్చువేయండి. మైకు, కీబోర్డు, కనెక్షన్లు తొమ్మిదిన్నరకు చూసేసి చేతులు కట్టుకు కూర్చోండి. జనం వచ్చాక "మైక్ టెస్టింగ్, హల్లెలూయా" వద్దు. పదింటికి ఏడుగురుంటే ఏడుగురితో మొదలుపెట్టండి. మొదటి మూడు నాలుగు వారాలు ఖాళీ బెంచీలకే పాడాలి. చాలా సంఘాలు రెండో వారం భయపడి ఆపేస్తాయి, పథకం చచ్చేది అక్కడే. "ఇంకా రావాల్సినవాళ్లున్నారు, ఇంకో పాట పాడుకుందాం" అనే మాట నోట రానివ్వకండి. అది టైంకు వచ్చినవాడికి వేసే శిక్ష. ప్రకటనలు గోడ మీద అంటించండి, చదవకండి. సాక్ష్యం చెప్పేవారికి ముందురోజే చెప్పండి, మూడు నిమిషాలని. టైం చూపించే మనిషి ముందు బెంచీలో ఉండాలి. పెద్దలకు ఆ పని ఇవ్వకండి, వారికి అయ్యగారంటే మొహమాటం. ఎవరికీ భయపడని పదో తరగతి పిల్లను కూర్చోబెట్టి మూడు అట్టలివ్వండి: "10", "5", "చాలు".

దోర్నకల్ మన పక్కనే. 1912 డిసెంబర్ 29న అక్కడికి బిషప్‌గా అభిషేకం పొందిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన హయాంలో దోర్నకల్ సంఘాల్లో సాక్ష్య వారం అని ఉండేది. పేద కూలీ సంఘాలు, ఇవ్వడానికి డబ్బు తక్కువ. ఊళ్లకు వెళ్లి సువార్త చెప్పడానికి వాళ్లు రోజులిచ్చారు. కూలి మానుకుని ఇచ్చిన రోజుకు ఎంత బరువుంటుందో వాళ్లకు తెలుసు. అట్లాంటి సంఘాల మనవలం మనం.

ఇంకొక్క మాట, ఇది పనిరాక్షసుల కోసం. తుఫానులో ప్రభువు దోనెలో తలగడ మీద నిద్రపోయాడు. చచ్చిపోతానన్న ఏలీయాకు దేవదూత ప్రసంగం చెప్పలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సమ్మ, సింగరేణిలో నైట్ షిఫ్ట్ దిగిన తమ్ముడు ఆదివారం ఆరాధనలో జోగితే లేపకండి. వీలైతే వాళ్లకు సాయంత్రం ఆరాధన ఒకటి పెట్టండి.

పాప "చాలు" అట్ట చూపిస్తోంది. పన్నెండు ఇరవై. సరే తల్లీ. ముగింపు ప్రార్థన చేసే పెద్దాయనకు ఒక మనవి: ఆదికాండం నుంచి మొదలుపెట్టకండి, ఒక్క నిమిషం చాలు. భోజనాల దగ్గర వేదిక మీది వాళ్లం చివర్లో నిలబడతాం. పదింటికి చేతులెత్తిన ఆ పదకొండు మంది ముందు పళ్లేలు తీసుకోండి.